ఊరికే ఇచ్చిన ఏనుగు

వన్ టౌన్, విశాఖపట్నం
21 నవంబరు 1983

చిరంజీవి దొరబాబుకి,

ఆశీస్సులు. నిన్న నగర చదరంగం పోటీ ఆఖరి రోజు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆట పొద్దున్న మొదలైంది. బల్లకి ఇటు నేను, అటు మీ కన్నబాబు. నాకు తెల్ల పావులు. వాడు వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మొదటి గంట నా ఆట ఎప్పటిలాగే నడిచింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కొందరు లేచి టీకి వెళ్లిపోయారు. తర్వాత నేను గుర్రాన్ని వాడి రాజు ముందున్న బంటు మీద వేశాను. వాడు గుర్రాన్ని తీసుకున్నాడు. కాసేపటికి ఏనుగుని తీసుకెళ్లి వాడి మంత్రి నోటి ముందు పెట్టాను. వాడు చాలాసేపు చూశాడు. తీసుకోలేదు. రాజుని పక్క గడిలోకి జరిపాడు. నేను మంత్రిని వాడి రాజు పక్కన పెట్టాను. ఆట కట్టు.

కన్నబాబు చెయ్యి కలిపి, "మావయ్యా, అయిపోనాది" అన్నాడు. అప్పటికి నేనింకా బోర్డు వంకే చూస్తున్నాను.

కార్యదర్శి సూరన్న షీల్డు చేతికిచ్చి, "అర్జునరావు గారూ, ఇన్నాళ్లూ ఈ పులిని ఏ గోనెలో దాచీసారండీ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కన్నబాబు కూడా కొట్టాడు.

శనివారం టీ కొట్టు దగ్గర నువ్వు అడిగినది నేను మరిచిపోలేదు. ఈ పట్టం తెస్తే కన్నబాబుకి ఓ కంపెనీవాళ్లు క్రీడల కోటాలో గుమాస్తా ఉద్యోగం ఇస్తామన్నారని చెప్పావు. పోర్టులో ఉద్యోగం ఉన్న ఒంటిమనిషిని, నాకీ గెలుపుతో పనిలేదు, ఈ ఒక్క ఆట వదిలెయ్యమన్నావు. నేను తలూపాను. అయినా ఇలా ఎందుకు జరిగిందో నాకే పూర్తిగా అర్థం కాలేదు. కాస్త కుదుటపడ్డాక రాస్తాను.

నాగమణికి ఆశీస్సులు.

అర్జునరావు


భీమునిపట్నం
25 నవంబరు 1983

అర్జునరావు గారికి,

మీ ఉత్తరం అందింది. అంతకుముందే పేపరు అందింది.

ఎల్లారావు పేపరు పట్టుకుని మా తాళ్ల కొట్టుకి పరిగెత్తుకొచ్చాడు. "దొరబాబూ, మీ బావ ఏనుగునే బలిచ్చీసాడట! గుమ్మం దాటడానికి మూడుసార్లు ఆలోసించే మనిషి. ఆయనికంత దైర్యం ఎక్కడిదిరా?" అని నలుగురూ వినేలా చదివాడు. వలతాడు కొనడానికి వచ్చిన గంగాలమ్మ నోరు నొక్కుకుని, "ఏనుగంటే మాటలేటి బాబూ, ఎంత కరీదుంటాదో! ఏ గుడికిచ్చినాడేటి?" అని అడిగింది. ఏ గుడికీ ఇవ్వలేదని చెప్పాను. బలైంది ఏనుగు కాదనీ, నా కొడుకనీ చెప్పలేదు. కొట్టు నిండా జనం ఉన్నారు.

మీరు తలూపారు. మా అక్క మొగుడు తలూపితే చాలు, అది ప్రామిసరీ నోటుతో సమానమని ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పుకున్నాను. ఓడిపోలేకపోతే పోనీ, డ్రా చేసినా మరో ఆట పెట్టేవారు. ముప్ఫై ఏళ్లపాటు చూసేవాళ్లకి నిద్రొచ్చేలా డ్రాలు ఆడిన మనిషికి, నా కొడుకు ఎదురుగా కూర్చున్న రోజే పూనకం రావాలా?

వాడు తాడు కొలవమంటే బారల లెక్క తప్పుతున్నాడు. ఎనిమిది బారలు అడిగినవాడికి పదకొండు ఇచ్చి పంపాడు. ఈ కొట్టు వాడి వల్ల కాదు. ఆ ఉద్యోగం ఒక్కటే వాడికి దారి. మనం టీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నది వాడికి తెలియదు. తెలియనివ్వను. తెలిస్తే, మావయ్య ఓడిపోతానని మాటిచ్చి కూడా గెలిచాడని ఇంకా కుంగిపోతాడు.

అక్క సంవత్సరీకానికి మేం రాం.

ఇట్లు,
దొరబాబు


వన్ టౌన్, విశాఖపట్నం
2 డిసెంబరు 1983

దొరబాబుకి,

నన్ను 'గారు' అన్నావు. మా పెళ్లి రోజున కూడా అనలేదు. సరే.

నేను ఓడిపోవాలనే కూర్చున్నాను. ఎలా ఓడాలన్నదే తేలలేదు. నేను పరాకున పావు వదిలేశానంటే సూరన్న నమ్మడు. బావమరిది కొడుకని ఆట వదిలేశాడని హాలంతా అంటుంది. ఆ మాట కంపెనీవాళ్ల చెవిన పడితే కన్నబాబు గెలుపు గెలుపు కాకుండా పోతుంది. అందుకని మర్యాదగా ఓడే దారి వెతికాను. నా లాంటివాడు దాడికి దిగి, పావులు బలి పెట్టి, అది ఫలించక ఓడితే ఎవరూ అనుమానించరు. ముసలాడికి ఆఖర్న సరదా పుట్టిందని నవ్వుకుని వదిలేస్తారు.

గుర్రం ఇచ్చాను. తీసుకున్నాడు. సంతోషించాను. తర్వాత ఏనుగు ఇచ్చాను. మంత్రితో తీసుకుంటే అయిపోయేది. దాని వెనక నా దగ్గర ఏమీ లేదు. వాడు తీసుకోలేదు. తీసుకోలేదన్న సంగతి నా తలకెక్కలేదు. నా లెక్కలో ఆ ఏనుగు పోయింది. ఇంక తొందరగా ముగిద్దామని మంత్రిని వాడి రాజు పక్కన పెట్టాను. రాజు మంత్రిని తీసుకుంటాడు, నేను లేచి ఇంటికి పోవచ్చు అనుకున్నాను. కానీ మంత్రికి కాపుగా ఆ ఏనుగు అక్కడే నిలబడి ఉంది. కన్నబాబు చెబితే గాని నేను గెలిచినట్టు నాకు తెలియలేదు.

ఇది నమ్మదగ్గ మాటలా లేదని తెలుసు.

షీల్డు చాలా పెద్దది. ఇంట్లో పెట్టడానికి చోటు లేదు. మీ అక్క ఉంటే దాని మీద వడియాలు పెట్టేది. ప్రస్తుతం తలుపు వెనక ఉంది.

ఒక్కటి కనుక్కో. ఏనుగుని ఎందుకు తీసుకోలేదో కన్నబాబుని అడుగు. తీసుకుని ఉంటే ఉద్యోగం వాడిది.

అర్జునరావు


భీమునిపట్నం
9 డిసెంబరు 1983

బావకి,

నీ ఉత్తరం నాగమణికి చదివి వినిపించాను. "గెలిసినా తప్పే, ఓడిపోదామనుకున్నానన్నా తప్పే. అన్నయ్య మరేటి సేత్తాడు?" అని నీ పక్షం మాట్లాడింది. నేను మాట్లాడలేదు. ఓడిపోదామని కూర్చుని పొరపాటున గెలిచానంటే చిన్నపిల్లాడు కూడా నమ్మడు బావా. నిద్రలో కూడా బంటు పోగొట్టుకోని మనిషివి నువ్వు.

అయినా నువ్వు అడగమన్నావని అడిగాను. వాడు కొట్టు ముందు తాడు చుట్టలు పేరుస్తున్నాడు.

"ఏనుగునెందుకు తియ్యనేదురా?" అన్నాను.

"తీత్తే సచ్చిపోదును" అన్నాడు.

"ఎలాగ? ఆ ఏనుగెనకాల ఏటున్నాది?"

"నాకు తెల్దు. అంతసేపు సూసినాను, ఏటీ కనబడనేదు. అందుకే మరింత బయమేసినాది."

"ఏటీ కనబడకపోతే తీసుకోవాల గాని బయమేటిరా?"

"అత్త సెప్పినాది కదా నాన్నా. మీ మావయ్య ఊరికే ఏదీ ఇవ్వడ్రా అని. గుర్రాన్ని తీసుకున్నప్పుడే ఆ మాట గేపకం వచ్చి నన్ను నాను తిట్టుకున్నాను. ఏనుగు కాడ మళ్లీ ఆ తప్పు సెయ్యదలుసుకోనేదు."

లోపల్నుంచి నాగమణి నవ్వడం వినబడింది. నవ్వింది, ఆ తర్వాత చాలాసేపు బయటికి రాలేదు.

వాడికి చదరంగం నేర్పింది అక్కే కదా. అది చెప్పినమాట వాడికి వేదం. ఇప్పుడు నేను ఎవరిని తిట్టాలో చెప్పు. నిన్ను తిట్టడం తేలిక కాబట్టి నిన్నే తిడుతున్నాను.

దొరబాబు


వన్ టౌన్, విశాఖపట్నం
20 డిసెంబరు 1983

దొరబాబుకి,

నీ ఉత్తరం చదివాక షీల్డు పట్టుకుని సూరన్న ఇంటికి వెళ్లాను. అది తిరిగిచ్చేసి, నేను సరిగ్గా ఆడలేదు, ఏనుగుని పరాకున వదిలాను, పట్టం కన్నబాబుకి రాయండి అన్నాను. మన మాట సంగతి చెప్పలేదు. చెబితే వాడి పేరు పోతుంది.

సూరన్న భార్యని పిలిచి, "ఇదిగో, ఈయన గెలిచీసి ఓడిపోనానంటన్నారు. ఇలాంటోళ్లు కూడా ఉన్నారు లోకంలో, సూడు" అన్నాడు. ఆవిడ నాకు ఉప్మా పెట్టింది.

ఏనుగుని తీసుకుంటే కన్నబాబు గెలిచేవాడని నిరూపిస్తాను, బోర్డు తెమ్మన్నాను. తెచ్చాడు. ఆట మొత్తం పేర్చాను. ఏనుగుని మంత్రితో తీయించాను. చూడండి, నాకింకేమీ లేదు అన్నాను. సూరన్న గెడ్డం గోక్కున్నాడు. నా శకటుని ఒక గడి జరిపాడు. చెక్. రాజుకి ఒక్కటే దారి. రాజుని అటు జరిపి, నా బంటుని ఒక గడి ముందుకి తోశాడు. ఆట కట్టు.

కన్నబాబు మంత్రి ఏనుగు కోసం పక్కకి పోతే రాజు దగ్గర కాపు ఉండదు. ఆ సంగతి నేను చూడలేదు. మంత్రిని వదిలి బంటుతో తీయించాను. అదీ కట్టే. గుర్రాన్ని తీసుకోకుండా వదిలేసి చూశాను. అదీ కట్టే. ఉప్మా చల్లారిపోయింది. ఓడిపోయే దారి కోసం ఇద్దరం ఆ బోర్డంతా వెతికాం. లేదు.

"ఇంత లెక్క కట్టీసి పరాకున వదిలేసినానంటారేటండీ" అని సూరన్న షీల్డు మళ్లీ నా చంకలో పెట్టాడు. మీరు వదులుకుంటే పట్టం ఖాళీగా ఉంటుంది గాని ఓడినవాడికి రాదన్నాడు. కన్నబాబు విషయం మాత్రం కంపెనీవాళ్లతో ఒకసారి మాట్లాడతానన్నాడు. మరునాడు పేపర్లో 'విజేత వినయం' అని నాలుగు ముక్కలు వచ్చాయి. ఆఫీసులో దానిక్కూడా అభినందించారు.

కాబట్టి కన్నబాబు తీసుకోకపోవడం తప్పు కాదు. తీసుకున్నా ఓడేవాడు. నా జన్మలో ఆడిన ఆటలన్నిటిలోకీ మంచిది ఓడిపోవడానికి ఆడినది. నువ్వు నన్ను నమ్మలేదు. సూరన్న ఇంటినుంచి నడిచి వస్తుంటే నామీద నాకూ నమ్మకం తగ్గింది. నిజంగా ఇవ్వదలుచుకున్నవాడు ఒక్క తప్పు ఎత్తయినా వేస్తాడు కదా.

సంవత్సరీకం అయింది. పురోహితుడు, నేను. వంటావిడకి మీరు రారని చెప్పడం మరిచాను. అందరికీ వండింది.

మీ అక్క వరహాలు వాడితో ఆ మాట ఎప్పుడు అంది? ఏ సందర్భంలో? వాడితో అన్నట్టు నాకు చెప్పలేదు.

అర్జునరావు


భీమునిపట్నం
2 జనవరి 1984

బావకి,

దొరబాబు నమస్కారాలు.

వంటావిడ అందరికీ వండిందని రాశావు. ఆ ఒక్క వాక్యం చదివి నాగమణి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను రావలసింది. పట్టుదలకి పోయాను. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

ముందు అసలు సంగతి. నీ సూరన్న నిజంగానే కంపెనీ ఆఫీసరుతో మాట్లాడాడు. గెలిచినవాడికి వయసు మీరిపోయింది కాబట్టి, కన్నబాబుకీ, సెమీఫైనల్లో నీ చేతిలో ఓడిన సత్యానికీ ఒక ఆట పెడతారట. గెలిచినవాడికి ఉద్యోగం. జనవరి ఆఖరి ఆదివారం.

సంతోషించాల్సిన మాటే. కానీ మావాడు పాడైపోయాడు బావా. ఎవరేమిచ్చినా తీసుకోవడం లేదు. ఎల్లారావు వాడిని పరీక్ష చేద్దామని మంత్రిని తెచ్చి వాడి బంటు ముందు పెట్టాడు. మంత్రిని! మావాడు దాన్ని పాముని చూసినట్టు చూసి, బోర్డుకి ఆ పక్కన ఇంకేదో బంటు తోశాడు. "ఒరే, నానేటి మీ మావయ్యనా? నాకంత బుర్ర ఉంటే ఈ ఊర్లో ఉందునేటిరా? తీసీసుకో!" అని ఎల్లారావు బతిమాలాడు. తీసుకోలేదు. ఆ ఆట ఎల్లారావు గెలిచాడు. ఎల్లారావు గెలవడం ఈ ఊళ్లో ఎవరూ ఎరగరు. వాళ్లావిడ కూడా నమ్మలేదట.

సత్యం సంగతి నీకు తెలుసు. ఆటోనగర్‌లో బళ్ల షెడ్డులో పని. చదరంగం కూడా సుత్తి పట్టుకుని ఆడినట్టే ఆడతాడు. పావులు ఎడాపెడా విసిరేస్తాడు. భయపడకుండా తీసుకునేవాడు సత్యాన్ని గెలుస్తాడు. భయపడితే అంతే. మావాడికి ఇంతకన్నా చెడ్డ జోడీ దొరకదు.

నువ్వు అక్క మాట గురించి అడిగావు. వాడిని మళ్లీ అడిగాను. వాడికి పదేళ్లప్పుడట. మీరిద్దరూ వేసవిలో వచ్చినప్పుడు అక్క ఈ కొట్టు అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, వల బెండులు పావులుగా పెట్టి వాడికి నేర్పేది. నువ్వు గుర్తుపెట్టుకుని ఉండవు, లోపల పేపరు చదువుకునేవాడివి. వాడు "అత్తా, మావయ్య ఎలాగాడతాడు?" అని అడిగాడట. అక్క అన్న మాట వాడు చెప్పినట్టే రాస్తున్నాను.

"మీ మావయ్య ఊరికే ఏదీ ఇవ్వడ్రా కన్నా. ఇచ్చినాడంటే మరి ఎనక్కి సూడడు. అలాంటోడితో బతకడం కష్టమే గాని బయముండదు."

వాడు ఇన్నేళ్లూ మొదటి ముక్క ఒక్కటే పట్టుకున్నాడు. మిగతాది నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. చదరంగానికి పనికొచ్చేది కాదని వదిలేశాడట.

బావా, ఆ శనివారం టీ కొట్టు దగ్గర నిన్ను అడగకూడనిది అడిగాను. ఇప్పుడు అడగదగ్గదే అడుగుతున్నాను. వచ్చి వాడి భయం తియ్యి. నేను చెబితే వినడు. ఎల్లారావు మంత్రినిచ్చినా వినలేదు. నీవల్ల పట్టుకున్న భయం నువ్వే తియ్యాలి.

నీ
దొరబాబు


వన్ టౌన్, విశాఖపట్నం
7 జనవరి 1984

చిరంజీవి దొరబాబుకి,

ఆశీస్సులు. ఉత్తరం నాలుగో తారీఖున అందింది. ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు. సాయంత్రం బస్సుకి మీ ఊరు వస్తున్న కండక్టరు చేతికిస్తాను. కొట్టు తెలుసన్నాడు.

మీ అక్క మాటలో రెండో సగం నాకు కొత్త. నాతో ఎప్పుడూ అనలేదు. నాతో మొదటి సగమే అనేది, అదీ కూరల సంచీ చేతికిస్తూ. దాని గురించి ఇంతకన్నా రాయను.

కన్నబాబు సంగతి. వాడికి నచ్చచెప్పి లాభం లేదు. నా ఏనుగు వెనక ఏమీ లేదని చెబుదామంటే, ఉందని సూరన్న బోర్డు మీద చూపించాడు. వాడి భయం నిజమైంది. నిజమైన భయాన్ని మాటలతో తియ్యలేం. అత్త మాట తప్పని కూడా నేను చెప్పలేను. తప్పు కాదు కాబట్టి. ఓడిపోదామని కూర్చుంటేనే నేను ఊరికే ఇవ్వలేకపోయాను.

వాడితో మామూలుగా ఆడి, పావులు ఊరికే ఇద్దామని ముందు అనుకున్నాను. నామీద నాకు నమ్మకం లేదు. నా చెయ్యి మళ్లీ ఏదో ఒకటి వెనక దాస్తుంది. నాకు తెలియకుండానే.

అందుకని ఇలా చేస్తాను. ఆట మొదలుకాకముందే నా మంత్రినీ, రెండు ఏనుగుల్నీ తీసి పెట్టెలో పెట్టేస్తాను. మిగిలినవాటితో కూర్చుంటాను. అప్పుడు నేనేమిచ్చినా దాని వెనక దాచడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అది వాడూ చూస్తాడు. గుర్రం ఇస్తాను. తీసుకుంటే సరే. తీసుకోకపోతే తర్వాతి ఆటకి రెండు గుర్రాలూ పెట్టెలోకి పోతాయి. వాడు తీసుకోవడం మొదలుపెట్టేవరకు అలా తగ్గించుకుంటూ పోతాను. ఆఖరికి రాజూ బంట్లూ మిగిలినా నాకు అభ్యంతరం లేదు. ఈ మధ్య అలాగే ఉంటున్నాను, అలవాటైంది.

వాడు నన్ను రోజంతా ఓడించాలి. నేను అడ్డుపడను. అడ్డుపడబోతే నువ్వు పక్కనుండి గుర్తుచెయ్యి. ఎల్లారావుని రావద్దను. వస్తే గెలుస్తాడేమో.

టీ కొట్టు దగ్గర మనం మాట్లాడుకున్నది వాడికి ఎప్పటికీ చెప్పకు. మావయ్య తన మీద నిజంగానే గెలిచాడని అనుకోనీ. సూరన్న లెక్క ప్రకారం అదే నిజం కూడా.

ఆఫీసులో వారం రోజులు సెలవు పెట్టాను. ముప్ఫై ఏళ్లలో చదరంగం కోసం సెలవు పెట్టడం ఇదే మొదలు. హెడ్ క్లార్కు, "ఇంకో షీల్డాండీ?" అన్నాడు. కాదు, ఓడిపోవడానికి వెళ్తున్నానన్నాను. పడీపడీ నవ్వాడు.

నాగమణిని నా కోసం ప్రత్యేకంగా ఏమీ వండవద్దను. మీరు తినేదే తింటాను.

రేపు పొద్దున్న మొదటి బస్సుకి భీమిలి వస్తున్నాను.

అర్జునరావు